శనివారం నూనె

మా ఆపరేషన్ థియేటర్‌లో మగవాళ్ళకూ సామాన్లకూ తలంటు ఒకే రోజు, శనివారం. ఆ రోజు ఆపరేషన్లు పెట్టుకునేవాళ్ళం కాదు. ఇంట్లో నేను నూనె రుద్దుకుని స్నానం చేసి వచ్చేవాణ్ణి. వచ్చాక కత్తెర్లకూ పట్టకార్లకూ అదే మర్యాద చేసేవాణ్ణి. థియేటర్ టెక్నీషియన్ కోర్సులో చేరిన మీలాంటి పిల్లల కోసం నా అనుభవం ఏదైనా రాసివ్వమని మీ మాస్టారు అడిగారు. ఆయన ఉద్దేశం నాలుగు గొప్పలు చెప్పమని. కానీ ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో నన్ను వదలకుండా పట్టుకున్నది ఒక శనివారం. దాని గురించే రాస్తాను.

ఈ శనివారం పద్ధతి మీ పుస్తకాల్లో ఉండదు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు అనంతపురం బోరు నీళ్ళు చూసి ఉండరు. మా ఇళ్ళలో స్టీలు చెంబు వారం రోజులు తోమకపోతే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది. ఆ తెలుపే పనిముట్ల కీళ్ళలోనూ చేరుతుంది. శుద్ధి చేసిన నీళ్ళే వాడాలని రూలు ఉంది, గోడకు అంటించి కూడా ఉంది. ఎండాకాలం ట్యాంకరు వస్తే చాలని గేటు వైపు చూసే ఆస్పత్రిలో ఆ కాగితం చదివి నవ్వుకోవడం తప్ప చేసేదేముంది. అందుకని మా థియేటర్ సిస్టర్, నాకంటే ముందు నుంచీ అక్కడున్న మనిషి, ఒక పద్ధతి పెట్టింది. ప్రతి సామానునూ నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్ళలో నానబెట్టాలి, బ్రష్‌తో రుద్దాలి, ఆరబెట్టాలి, కీళ్ళకు ఒక్కొక్క చుక్క నూనె వేయాలి. "కీలు కనపడితే నూనె పెట్టప్పా, నన్ను అడగాల్సిన పన్లేదు" అనేది. నేనూ ఎప్పుడూ అడగలేదు.

నాది సోమందేపల్లె పక్కన ఒక పల్లె. స్ట్రెచర్ తోసే పనిలో చేరి, చూసి చూసి నేర్చుకుని, పరీక్ష రాసి థియేటర్ అసిస్టెంట్‌నయ్యాను. పొట్ట కోయకుండా నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, టీవీలో చూస్తూ చేసే ఆపరేషన్లు మా ఆస్పత్రికి వచ్చినప్పుడు కెమెరా పట్టే పని నాకు దొరికింది. మనుషులు తక్కువైన చోట ఒక్కొక్కరు రెండు పనులు చేయాలి కదా. పిత్తాశయంలో రాళ్ళ ఆపరేషన్ అయితే నా కుడి చేతిలో కెమెరా ఉండేది, ఎడమ చేతిలో పొడుగాటి పట్టకారు. ఆ పట్టకారుతో పిత్తాశయాన్ని కొసన పట్టుకుని పైకి ఎత్తి ఉంచాలి. అలా ఎత్తి ఉంటేనే కింద సన్న గొట్టాలు విడివిడిగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి కోయాల్సిన గొట్టం. దాని పక్కనే ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకూడని పెద్ద పైత్యనాళం. గంటసేపు కదలకుండా పట్టుకుని నిలబడాలి. అప్పటి సర్జన్ నా ఎడమ చేతిని అందరికీ చూపించి "ఇది చెయ్యి కాదప్పా, గోడకు కొట్టిన మేకు" అనేవాడు. ఆ మాట నేను బంధువుల ఇళ్ళలోనే కాదు, బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పుకున్నాను.

యాభై ఆరో ఏట ఆ మేకు వదులైంది. టీ గ్లాసు పట్టుకుంటే ఎవరికీ తెలియనంత వణుకు. కానీ టీవీ తెర మీద అన్నీ పెద్దవై కనపడతాయి. నా వేలు గోరంత కదిలితే తెర మీద పిత్తాశయం ఆరేసిన గుడ్డలా ఊగేది. అప్పటికి పాత సర్జన్ వెళ్ళిపోయి, గుంటూరు వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు. నా కూతురి వయసు. నన్ను బాబాయ్ అని పిలిచేవారు. వణుకు ఆమె కంటపడింది, కానీ అందరి ముందూ ఒక్క మాట అనలేదు. ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కుంటూ మెల్లగా చెప్పారు.

"బాబాయ్, మీ కుడి చెయ్యి నాకు కావాలి. ఎడమ చేతికి ఇంక కాస్త విశ్రాంతి ఇద్దాం."

నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికి పోయాక మాత్రం అన్నం సయించలేదు.

కొన్ని నెలలకు పెట్టెలో వచ్చింది, ఉక్కుతో చేసిన ఒక చెయ్యి. ఆపరేషన్ బల్ల అంచున ఉండే పట్టీకి దాన్ని బిగిస్తారు. మనిషి చేతికున్నట్టే మూడు కీళ్ళు. మధ్యలో ఒక పెద్ద మర. మర వదులు చేస్తే చెయ్యి ఎటు కావాలంటే అటు వంగుతుంది. పట్టకారును దాని కొసకు తగిలించి, కావలసిన చోట పెట్టి, మర బిగిస్తే మూడు కీళ్ళూ ఒకేసారి బిగుసుకుని అక్కడే ఆగిపోతుంది. వణకదు, టీ అడగదు. థియేటర్‌లో అందరూ దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టారు. వచ్చి నిలబడటమే దాని పని, స్నానం చేయించడం, తుడవడం, గుడ్డ కప్పడం అంతా మాకు. క్యాంటీన్‌లో నేను ఒకసారి గట్టిగానే అన్నాను, "ఈ అల్లుణ్ణి ఏదో ఒకదినం నేనే ఇంటికి పంపిస్తా సూడండి" అని. పది మంది నవ్వారు. ఆ నవ్విన పది మందీ తర్వాత నాకు చాలా రోజులు గుర్తున్నారు.

దాన్ని ఎలా వాడాలో చూపించడానికి కంపెనీ మనిషి ఒక పూట వచ్చాడు. నేను మధ్యలో రెండు సార్లు బయటికి పోయి వచ్చాను. నా చేతి పని చేసే వస్తువు గురించి నాకే పాఠం చెబుతున్నాడని ఒళ్ళు మండింది. పోయేముందు చిన్న పుస్తకం ఒకటి చేతిలో పెట్టి "మొదటి పేజీ తప్పకుండా చదవండి సార్" అన్నాడు. చదువుతానన్నాను. పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, దుమ్ము పట్టకుండా బీరువా పైన భద్రంగా పెట్టాను.

ఎనిమిది నెలలు పనిచేసింది ఆ చెయ్యి. నిజం చెప్పాలంటే నాకు దాని మీద ఇష్టం పుట్టింది. నా ఎడమ భుజం నొప్పి పోయింది. రెండు చేతులతో కెమెరా పట్టుకుంటే బొమ్మ రాయిలా నిలిచేది. డాక్టరమ్మ వారానికి నాలుగైదు ఆపరేషన్లు చేసేవారు. పొద్దున కోయించుకున్నవాళ్ళు మరునాడు నడిచేవాళ్ళు. కూలికి పోకపోతే గడవనివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆమె పేరు చెప్పుకుని వచ్చేవాళ్ళు. అప్పుడు ఎండాకాలం మొదలైంది. బోరు అడుగంటి నీళ్ళు ఇంకా ఉప్పెక్కాయి. చెయ్యి కీళ్ళలో తెల్లపొడి చేరి, వంచితే కిర్రుమనడం మొదలైంది. ఒక శుక్రవారం డాక్టరమ్మ దాన్ని వంచలేక రెండు చేతులతో నెట్టాల్సి వచ్చింది.

"బాబాయ్, ఇది బాగా బిగుసుకుపోతోంది. కాస్త చూస్తారా?"

మరునాడు శనివారం. అంతవరకూ ఆ చెయ్యిని కడిగి తుడవడమే తప్ప దానికి నూనె పెట్టే అవసరం రాలేదు. పనిముట్ల నూనె అయిపోయింది, కొత్తది రావడం ఎప్పటికో. మా ఆవిడ కుట్టు మిషన్‌కు వాడే నూనె సీసా ఒకటి నేను థియేటర్‌లో ఉంచుకున్నాను, కొన్ని వారాలుగా అదే వాడుతున్నాం. చెయ్యిని నానబెట్టి, పొడి అంతా రాలగొట్టి, మూడు కీళ్ళలోనూ నాలుగేసి చుక్కలు వేశాను. అటూ ఇటూ ఆడించాను. వెన్నలా కదిలింది. ఎంత సంతోషం వేసిందంటే, సిస్టర్‌ను పిలిచి చూపించాను. "బాగైంది సూడప్పా" అని ఆమె కూడా మెచ్చుకుంది. సోమవారానికి కావాలని మిగతా సామాన్లతో పాటు ఆవిరి డబ్బాలో పెట్టి శుద్ధి చేశాం.

కత్తెర కదలడం కోసం చేసిన వస్తువు. దాని కీలుకు నూనె కావాలి. ఆ చెయ్యి కదలకుండా ఉండటం కోసం చేసిన వస్తువు. ఇనుము ఇనుమును పట్టి బిగించిన రాపిడి ఒక్కటే దాన్ని నిలబెడుతుంది. నేను ఆ రాపిడినే తీసేశాను. ఇప్పుడు రాస్తుంటే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతిలా ఉంది. ఆ శనివారం నాకు కీలు మాత్రమే కనపడింది.

సోమవారం పేషెంటు రాయదుర్గం ఆడమనిషి. ముప్ఫై నాలుగేళ్ళు ఉంటాయి. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో మిషన్ మీద పని. తోడుగా వాళ్ళ నాయన వచ్చాడు. గొర్రెలు కాసే పెద్దాయన, భుజాన కంబళి, చేతిలో కట్టె. స్ట్రెచర్ మీద థియేటర్‌లోకి తెస్తుంటే ఆమె నా చొక్కా పట్టుకుని ఆపింది.

"అన్నా, నొప్పికి నేను బయపడేది లేదు. మళ్ళ మిషన్ మీద ఎన్ని దినాలకు కూసోవచ్చు? నా మిషన్ ఇంగొకరికి ఇచ్చేస్తే మళ్ళ దొరికేది కష్టం."

"మూడో దినం ఇంటికి పోతావు, పదో దినం మిషన్ మీద ఉంటావమ్మా. పెద్ద కోత లేదు ఏం లేదు."

"ఖరారేనా అప్పా?" అన్నాడు వాళ్ళ నాయన.

"ఖరారే పెద్దాయనా."

ఆ మాట చెప్పడానికి నేనెవరిని? డాక్టర్లు కూడా అంత ధైర్యంగా చెప్పరు.

చెయ్యిని బల్లకు బిగించాను. పట్టకారు తగిలించి, మర తిప్పి, ఒకసారి పట్టి లాగి చూశాను. నిలబడింది. మీరు మాత్రం ఒకసారి లాగి వదిలేయకండి. బరువు వేలాడదీసి, ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన మిగతా పనులన్నీ ముగించుకుని, వచ్చి మళ్ళీ చూడండి. నాకు ఆ పని ఎవరో చెప్పాల్సిన అవసరం లేదు, కానీ నేను చేయలేదు.

నలభై నిమిషాలు అంతా సవ్యంగానే జరిగింది. డాక్టరమ్మ గొట్టాలను విడదీసే చోటికి వచ్చారు. ఆమె చేతిలో చిన్న కొక్కెం, కాలి కింద పెడల్. పెడల్ తొక్కితే కొక్కేనికి కరెంటు వచ్చి ముట్టుకున్న చోట కాలుస్తుంది. టీవీ మూలలో పట్టకారు కొస వెంట్రుకంత కిందికి దిగింది. నేను చూశాను. ఇంకా కొంచెం దిగింది. అదీ చూశాను. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, నా కుడి చెయ్యి కూడా వణకడం మొదలుపెట్టింది అని. కెమెరా నాది కదా, బొమ్మ కదిలితే నా చెయ్యే కదిలి ఉండాలి అనుకున్నాను. ఎడమ చెయ్యి పోయింది, కుడిది కూడా పోతే ఈ గదిలో నాకు చోటు లేదు. సిగ్గుతో నోరు మూసుకుని కెమెరాను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. రెండు క్షణాలు, మూడు క్షణాలు. అంతలో ఉక్కు చెయ్యి ఒక్కసారిగా జారింది. పిత్తాశయం కింద పడింది, దానితో పాటు పెద్ద నాళం వచ్చి కొక్కేనికి తగిలింది. ఆమె కాలు పెడల్ మీద ఉంది.

పొగ తెరంతా కమ్మింది. పొగ పోయాక పచ్చని పైత్యరసం ఊరుతూ కనపడింది, ఊరకూడని చోట. మత్తు డాక్టర్ లేచి నిలబడి టీవీ వైపు చూశాడు. డాక్టరమ్మ పెడల్ మీద నుంచి కాలు తీసి, "ఓపెన్ చేస్తున్నాం, సామాన్లు తీయండి" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళజోడు వెనక కళ్ళు నేను చూడలేకపోయాను.

పొట్ట కోసి చూస్తే నాళం సగం కాలిపోయి ఉంది. దాన్ని సరిచేసే వసతి మా దగ్గర లేదు. గొట్టం ఒకటి పెట్టి, పైత్యం బయటికి పోయేలా చేసి, బెంగళూరు పంపాలని నిర్ణయించారు. అంబులెన్సు వచ్చేలోపు అరగంట పట్టింది. ఆ అరగంటలో నేను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చెయ్యిని బల్ల నుంచి విప్పి, సామాన్లు కడిగే గదిలోకి తీసుకుపోయి, మర పూర్తిగా వదులు చేసి, స్పిరిట్ ముంచిన గాజుగుడ్డతో మూడు కీళ్ళనూ తుడిచాను. గుడ్డకు నూనె జిడ్డు అంటితే మార్చాను. జిడ్డు అంటనంతవరకూ తుడిచాను.

సిస్టర్ వాకిట్లో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"ఏం తుడుస్తాండావప్పా అంతసేపు?"

"రక్తం అంటింది అక్కా."

ఆమె నా చేతిలో గుడ్డ వైపు చూసింది. దాని మీద రక్తం లేదు. లోపలికి వచ్చి, కిటికీలో ఉన్న మిషన్ నూనె సీసా తీసి చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె రిటైరయ్యేదాకా మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. శనివారం పద్ధతి ఆమె పెట్టిందే కదా. ఆమె భయం ఆమెది.

అంబులెన్సులో తోడు నన్నే పంపారు. సెలైన్ సీసా చూసుకుంటూ పేషెంటు పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండలో హైవే మీద పోతుంటే అద్దంలోంచి సోమందేపల్లె బోర్డు కనపడింది. మామూలుగా అక్కడికొస్తే మా ఊరు వచ్చిందని ప్రాణం లేచొచ్చేది. ఆ రోజు తల దించుకున్నాను. ముందు సీట్లో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి, కోపం లేకుండా, తెలియక అడిగినట్టే అడిగాడు.

"పదో దినం మిషన్ మీద ఉంటాదంటివే అప్పా?"

సీసాలో చుక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

వారం తర్వాత సూపరింటెండెంట్ గదిలో విచారణ జరిగింది. కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి, చెయ్యికి బరువు కట్టి గంటసేపు వేలాడదీశాడు. చెక్కు చెదరలేదు. ఎందుకు చెదురుతుంది, నేను అంత శుభ్రంగా తుడిచాను. వస్తువులో ఏ లోపమూ లేదని రాసిచ్చాడు. మా థియేటర్‌లో టీవీ బొమ్మను రికార్డు చేసుకునే అలవాటు లేదు. డాక్టరమ్మ మాత్రం పట్టు వదల్లేదు.

"అది జారింది సార్. పెడల్ మీద నా కాలు ఉన్నప్పుడే జారింది" అని నా వైపు తిరిగారు. "బాబాయ్, మీరు తెర మీదే చూస్తున్నారు. జారింది కదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నూనె పెట్టానని చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. అల్లుణ్ణి ఇంటికి పంపిస్తానని క్యాంటీన్‌లో అన్నది నువ్వే కదా అంటారు. తెలియక చేశానంటే ఎవరు నమ్ముతారు? ఏడాదిన్నర సర్వీసు మిగిలి ఉంది.

"పొగొచ్చినాది సార్. నాకేం కనపల్లేదు."

డాక్టరమ్మ ఇంకొక్క క్షణం నన్ను చూసి తల తిప్పుకున్నారు. అబద్ధమాడావని ఆమె నన్ను అనుమానించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆమె నన్ను నమ్మారు. నమ్మి, తన కళ్ళనే తప్పుపట్టుకున్నారు.

ఆ రోజు తర్వాత ఆమె రంధ్రాల ఆపరేషన్ చేయలేదు. "నాకు ధైర్యం చాలట్లేదు" అని అందరికీ తానే చెప్పేవారు. పిత్తాశయానికి మళ్ళీ జానెడు కోత. కోతకు పడుకున్న కూలివాళ్ళు నెల దాటినా లేచేవాళ్ళు కాదు, కొందరు కుట్లు పచ్చిగా ఉండగానే చేలల్లోకి పోయి హెర్నియాలు తెచ్చుకున్నారు. ఉక్కు చెయ్యిని పెట్టెలో పెట్టి స్టోరుకు పంపేశారు. రాయదుర్గం ఆమెకు బెంగళూరులో రెండు పెద్ద ఆపరేషన్లు జరిగాయి. అయినా పైత్యం సరిగా దిగక, చలిజ్వరంతో కామెర్లతో మా దగ్గరికి మూడు సార్లు వచ్చింది. ఆమె వచ్చిందని తెలిస్తే నేను సామాన్ల గదిలో దాక్కునేవాణ్ణి. ఒకసారి వాళ్ళ నాయన డాక్టరమ్మ కారుకు అడ్డం నిలబడి కట్టె నేలకేసి కొట్టాడు.

"ఊరుగాని ఊరినుంచి వచ్చి నా బిడ్డ కడుపు కాల్చితివి కదమ్మా! నీకు బిడ్డలు లేరా?"

కిటికీలోంచి నేను విన్నాను. డాక్టరమ్మ కారు దిగి చేతులు కట్టుకుని ఆయన తిట్టినంతసేపూ నిలబడ్డారు. బయటికి పోయి నిజం చెప్పాలని నా కాళ్ళు రెండు అడుగులు వేశాయి. తలుపు దాకా పోయి ఆగిపోయాను.

మరుసటి ఏడు ఆమె రాజీనామా చేసి సొంత ఊరు వెళ్ళిపోతున్నారు. పుస్తకాల అట్టపెట్టె నేనే మోసుకుని కారు దాకా పోయాను. డిక్కీలో పెడుతుంటే ఆమె మామూలుగా, వీడ్కోలు మాటల్లో ఒక మాటగా అన్నారు.

"ఇప్పటికీ నిద్రలో నా కాలు పెడల్ తొక్కుతుంది బాబాయ్. అది జారినట్టే కనిపిస్తుంది నాకు. మనసు ఎంత మోసం చేస్తుందో చూడండి."

ఇక ఆపుకోలేకపోయాను. నూనె, స్పిరిట్ గుడ్డ, తెర మీద నేను చూసిన మూడు క్షణాలు, అన్నీ అక్కడే నిలబడి చెప్పాను. క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపారు. ముఖంలో రక్తం లేదు.

"ఆ గదిలో నేను చూసేదంతా మీరు చూపించేదే బాబాయ్" అన్నారు. డిక్కీ మూత వేసి, "నూనె పెట్టడం తప్పు కాదు. తెలియక ఎవరైనా పెడతారు. ఆ రోజు సార్ గదిలో చెప్పి ఉంటే నేను నా పని మానేసేదాన్ని కాదు" అన్నారు. కారు ఎక్కి తలుపు వేసుకున్నాక అద్దం దించి, "ఆమెకు చెప్పారా?" అని అడిగారు. లేదని తల ఊపాను. "మరి నాకెందుకు చెబుతున్నారు?" అని వెళ్ళిపోయారు.

మరునాడు అంతా కాగితం మీద రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, సొరుగులో పెట్టారు. "రిటైరయ్యే మనిషివి, గమ్మునుండప్పా. ఇప్పుడు కెలికితే ఆస్పత్రికే చెడ్డ పేరు" అన్నారు. రెండు నెలలకు నాకు శాలువా కప్పారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ గోడకు కొట్టిన మేకులాంటి చెయ్యి అన్నాడు. నేను ఆ శాలువా కిందే చేతులు దాచుకుని కూర్చున్నాను.

రిటైరైన నెలలో రాయదుర్గం బస్సెక్కాను. యూనిట్ కనుక్కోవడం కష్టం కాలేదు. పొడుగాటి రేకుల షెడ్డు, వరసలుగా మిషన్లు, గాలిలో నీలం రంగు దుమ్ము. మిషన్ల మీద ఆమె లేదు. వాకిలి దగ్గర నేల మీద కూర్చుని, కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు చిన్న కత్తెరతో కత్తిరిస్తోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. మనిషి సగమైంది. నన్ను చూసి చప్పున గుర్తుపట్టింది.

"ఆస్పత్రి అన్న కదా! రా అన్నా, కూసో. యాడికొచ్చినావు ఇంత దూరం?"

"నీ దగ్గరికే వచ్చినానమ్మా" అని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

మిషన్ల మోతలో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటలు అరిచి చెప్పడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఆమె కత్తిరిస్తూనే విన్నది. నూనె దగ్గరికి వచ్చేసరికి కత్తెర ఆగింది.

"ఏం నూనె అన్నా?"

"మిషన్ నూనె. మా ఆవిడ మిషన్‌ది."

"కీళ్ళలోనా? బిగించే కీళ్ళలోనా?" ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. మిషన్ల వరస వైపు చెయ్యి చూపించింది. "ఈడ పనికి చేరిన పిల్లకి మేము మొదటి దినమే చెప్తామన్నా. అన్నిటికీ నూనె పెట్టు, బెల్టుకు మాత్రం తగలనీయొద్దు, జారుతుంది అని. అంత పెద్ద ఆస్పత్రిలో మీకు చెప్పేవాళ్ళే లేకపోయిరా?"

"చెప్పినారమ్మా. నేను ఇనలేదు."

ఆమె మళ్ళీ కత్తెర తీసుకుంది. రెండు ప్యాంట్ల దారాలు కత్తిరించింది. తిడుతుందని చూశాను. నా చెంప పగలగొట్టినా కూర్చునేవాణ్ణి. వాళ్ళ నాయన కనపడితే ఆయన కాళ్ళ మీద పడాలని కూడా అనుకుని వచ్చాను. "పెద్దాయన ఇంటికాడ ఉండాడా?" అని అడిగాను.

"నాయన పోయి ఆరు నెల్లాయ" అంది తల ఎత్తకుండా. "కడాకు కూడా ఆ డాక్టరమ్మనే తిట్టినాడన్నా. నోట్లో నీళ్ళు పోస్తాంటే కూడా ఆమె పేరు ఎత్తి శాపం పెట్టినాడు. నేను కూడా పెట్టినాను. ఇప్పుడు నాయనకి ఎవరు చెప్తారు?"

ఆమె కత్తిరించిన ప్యాంటు మడిచి పక్కన పెట్టి, కుప్పలోంచి ఇంకొకటి లాక్కుంది. సాయంత్రం బస్సు వేళ దాకా నేను అక్కడే కూర్చుని, ఆమె వద్దనలేదు కాబట్టి, ఆమె కత్తిరించిన దారాలు ఏరి గోనెసంచిలో వేశాను.